నెలవంక కోసం ఆగిన అర్జీ

సర్వర్లు చూసుకునే ఉద్యోగం అనగానే మీ కళ్ళ ముందు అద్దాల భవనాలు, చలి గదులు, మెడలో వేలాడే కార్డులు కదులుతాయేమో. మా ఆఫీసు చార్మినార్‌కు దగ్గరలో, ఒక గాజుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. కింద లక్క కరిగిస్తే ఆ వాసన మెట్లెక్కి మా కీబోర్డుల దాకా వచ్చేది. లాల్‌దర్వాజా నుంచి రోజూ నడిచే వెళ్ళేదాన్ని. ఆటో ఎక్కితే ఇంకా ఆలస్యమయ్యేది.

మాది పాల కంపెనీ. కార్వాన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ బర్రెలున్న కుటుంబాల దగ్గర పాలు కొని పాతబస్తీలోని చాయ్ హోటళ్ళకు, మిఠాయి దుకాణాలకు, ఇళ్ళకు చేర్చేది. జనం ఫోనులో యాప్ తెరిచి రేపటికి ఎన్ని పాలు కావాలో చెప్పేవాళ్ళు. ఆ లెక్కను బట్టి పాలు పోసేవాళ్ళకు రేపు ఇన్ని పాలు కావాలనే ఇండెంట్లు మా నుంచి వెళ్ళేవి. ఇదంతా నడిపే సర్వర్లు ఎక్కడో అద్దెకు తీసుకున్నవి. వాటిని పెంచడం, తగ్గించడం, చెడిపోతే బాగుచేయడం మా పని. నేను టైపు చేసే ఉద్యోగంలో చేరి, ఎవరూ ముట్టుకోని పనులన్నీ ఒక్కొక్కటిగా మెడకు చుట్టుకుని, చివరికి ఆ విభాగానికి పెద్దదాన్నయ్యాను. పెద్ద అంటే ముగ్గురిలో పెద్ద.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని మా ఇంట్లో అంటారు. రెండూ నిజమే. ఈ కథలో రెండూ అక్కరకొచ్చాయి కాబట్టి ముందే చెప్తున్నాను.

మిగతా ఇద్దరిలో ఒకరు భాయ్. కంపెనీలో మొదటి కంప్యూటరుకు తీగ లాగింది ఆయనే, మొదటి సర్వరు అద్దెకు తీసుకున్నదీ ఆయనే. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అని పిలిచేవాడు. సర్వర్లన్నిటి మీదా పూర్తి అధికారం ఉన్న లాగిన్ ఆయన దగ్గర ఉండేది. దాన్ని ఆయన కుంజీ అనేవాడు, అంటే తాళంచెవి. ఇంకొకరు కొత్తగా చేరిన అమ్మాయి. కార్వాన్‌లో వాళ్ళ బాపు బర్రెలు పెట్టుకుని మా కంపెనీకే పాలు పోసేవాడు. ఆమె ఇంజనీరింగ్ చదివి, పొద్దున పాలు పితకడంలో సాయం చేసి, ఆ తర్వాత ఆఫీసుకు వచ్చేది. మా ముగ్గురికీ పైన సేట్, కంపెనీ యజమాని. ఏ మార్పు కావాలన్నా ఫోను చేసి నోటితో చెప్పడం ఆయన అలవాటు. భాయ్ విని, రెండో మాట అడగకుండా కుంజీతో లోపలికి వెళ్ళి చేసేసేవాడు. పాత బజారు పద్ధతి అది. జబాన్, అంటే మాట, ఇచ్చాక రాసిమ్మని అడిగితే అవమానం.

ఆ పద్ధతి ఒక రంజాన్‌కు మా కొంప ముంచింది. ఈద్ పొద్దున పాతబస్తీలో షీర్ ఖుర్మా వండని ఇల్లు ఉండదు, దానికి పాలు కావాలి, మామూలు రోజుకన్నా ఎన్నో రెట్లు కావాలి. అయితే ఈద్ రేపా, ఎల్లుండా అన్నది ముందు రోజు సాయంత్రం నెలవంక కనబడితేనే తెలుస్తుంది. కనబడిందన్న మాట రాగానే ఊరంతా ఒక్కసారి ఫోన్లు తీసి మా యాప్ మీద పడుతుంది. ఆ సాయంత్రం సేట్ నాకు ఫోను చేసి సర్వర్లు పెంచమన్నాడు. నేను పెంచాను. అదే సమయానికి ఇంటి దగ్గరున్న భాయ్‌కి కూడా ఫోను చేసి ఏదో తేడాగా ఉంది చూడమన్నాడు. భాయ్ లోపలికి వెళ్ళి చూస్తే ఆయనకు తెలియని సర్వర్లు కొన్ని కనబడ్డాయి. ఎవరో తప్పుగా తెరిచారనుకుని వాటిని తీసేశాడు. యాప్ కుప్పకూలింది. తెల్లారి పాలు వ్యాన్లలోనే ఉన్నాయి, ఎవరింటికి ఎన్నో చెప్పే దిక్కు లేదు. తప్పు ఎవరిదని నన్నడిగితే ఇద్దరిదీ కాదు, ఇద్దరిదీ. ఈద్ నమాజు నుంచి తిరిగొస్తున్న భాయ్‌ని గల్లీలో ఆడవాళ్ళు ఆపి, మీ కంపెనీ పాలు రాలేదని అడిగారట. ఆయన ఆ పండుగ పూట ఇంట్లోంచి మళ్ళీ బయటకు రాలేదు.

పండుగయ్యాక సేట్ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. కోపంగా కూడా మాట్లాడలేదు.

"మల్లొచ్చే ఈద్‌కు గిట్లనే అయితే ఈ కంప్యూటర్ పని మొత్తం బయటి కంపెనీకి ఇచ్చేస్త. గాళ్ళు గచ్చిబౌలిల కూసొని చేస్తరు. మీరు ముగ్గురు ఇంట్ల కూసుండ్రి. నాకు వేరే తొవ్వ లేదు," అన్నాడు.

మెట్లు దిగుతూ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎన్నో ఏళ్ళు ఇక్కడి లక్క వాసన పీల్చింది మేము, మా పాలు ఏ గల్లీకి ఎప్పుడు వెళ్తాయో తెలిసింది మాకు, చివరికి గచ్చిబౌలి వాళ్ళు వచ్చి మాకు నేర్పాలా? వచ్చే ఈద్‌కు ఈ సర్వర్ల మీద మనిషి చెయ్యి నేరుగా పడకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. నా చెయ్యి కూడా.

పద్ధతి ఇది. సర్వర్లు ఎన్ని ఉండాలి, ఎంత పెద్దవి ఉండాలి, ఎవరికి ఏ తలుపు తెరవాలి, అంతా ఫైళ్ళలో రాసి పెట్టుకోవాలి. ఏదైనా మార్చాలంటే సర్వరును ముట్టుకోకుండా ఆ ఫైల్లో మార్పు రాసి, నేను చేయదలచింది ఇదీ, చూడండి అని తోటివాళ్ళ ముందు పెట్టాలి. దాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. మేము అర్జీ అన్నాం. అర్జీ పడగానే మధ్యలో కూర్చున్న ఒక సర్వరు దాన్ని చదివి, ఇది అమలు చేస్తే ఏవి కొత్తగా వస్తాయి, ఏవి మారతాయి, ఏవి పోతాయి అని కిందే జవాబు రాస్తుంది. ఆ జవాబు చూసి రెండో మనిషి ఒప్పుకుంటేనే మార్పు చేస్తుంది. ఒక అర్జీ నడుస్తుండగా అదే చోట ఇంకొకటి రాకుండా తాళం వేసుకుంటుంది. చాంద్ రాత్, అంటే నెలవంక కనబడిన ఆ రాత్రి మాకు లేకపోయింది ఆ తాళమే.

నేను ఇదంతా వివరిస్తే భాయ్ నవ్వాడు. "అంటే మనకు మున్షీని పెడుతున్నరన్నట్టు. అర్జీలు చదివేటోడు మున్షీ గాక ఏమైతడు?"

వెక్కిరింతగా పెట్టినా ఆ పేరే నిలిచిపోయింది.

మున్షీని కుర్చీలో కూర్చోబెట్టడానికి నానా తంటాలు పడ్డాను. అర్జీలు దాచే చోటు నుంచి కొత్త అర్జీ పడిందన్న కబురు మున్షీకి అందాలి. ఎన్ని అర్జీలు వేసినా మున్షీ ఉలకలేదు, పలకలేదు. కబురు నిజంగా అక్కడి నుంచే వచ్చిందని గుర్తుపట్టడానికి రెండు వైపులా ఒకే రహస్య పదం పెట్టాలి. నేను ఒక వైపు అతికించినప్పుడు దాని చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి వచ్చి చేరింది. దాన్ని అమ్మాయి పట్టుకునే దాకా అన్నం సహించలేదు. ఆ తర్వాత మున్షీకి ఎంత అధికారం ఇవ్వాలన్న లొల్లి. అన్నిటి మీదా ఇచ్చేస్తే పని ఇట్టే అయిపోయేది. కానీ ఒకరి దగ్గర అన్ని తాళాలూ ఉండటమే కదా మన రోగం? ఏ పనికి ఎంత కావాలో అంతే కోసి ఇచ్చాను. అర్జీ పెట్టినవాళ్ళు తమ అర్జీని తామే ఒప్పుకోకూడదని ఇంకో నియమం పెట్టాను. చివరగా నా లాగిన్ తీసేశాను, అమ్మాయిదీ తీసేశాను.

భాయ్‌ది మిగిలింది.

"ఏండ్ల సంది కుంజీ నా కాడనే ఉన్నది అక్కా. ఒక్కనాడన్న ఎవ్వరికిచ్చిన్నా? నా జబాన్ సాలదా? మున్షీకి రాసిచ్చి, ఇంకొకరితోని అవునన్పించుకోవాల్నా నేను?"

"నేను గూడ రాసిస్తున్న గద భాయ్."

"మీరు మీ ఇష్టంతోని ఇస్తున్రు."

సేట్‌కి చెప్తే ఆయన కూడా భాయ్ కుంజీ భాయ్ దగ్గరే ఉండనీ అన్నాడు. ఫోను చేస్తే చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఒకడు ఉండాలి ఆయనకు. అర్జీ పెట్టి, అమ్మాయితో ఒప్పించి, బలవంతంగా తీసేయడం నాకు క్షణంలో పని. కానీ తాళంచెవి మనిషి ఇవ్వాలి, లాక్కుంటే దొంగతనమవుతుంది. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

ఈలోపు భాయ్‌కీ అమ్మాయికీ ఒక పరీక్ష పెట్టాను. ప్రయోగాల కోసం పెట్టుకున్న నకలు సర్వర్ల మీద, మొత్తం ఖాతాదారుల వివరాలు చెరిపేసేలా ఒక అర్జీ రాశాను. మున్షీ దాచకుండా, ఇది చేస్తే ఖాతాదారుల నిల్వ పోతుంది అని కిందే రాసింది. అయినా చాయ్ చల్లారేలోపు భాయ్ ఒప్పుకున్నాడు, అమ్మాయి ఒప్పుకుంది. ఇద్దర్నీ పిలిచి స్క్రీను చూపించాను.

"ఇదేంది? నిజం సర్వర్ల మీద అయితే ఇయ్యాల కంపెనీ మూసుకునేటోళ్ళం. చదవకుండ ఎట్ల నొక్కిన్రు?"

అమ్మాయి తల వంచుకుంది. "మీరు పెట్టిన్రు గద మేడమ్. మీరు పెట్టినంక నేనేం చూడాలె అనుకున్న."

భాయ్ మాత్రం తప్పు చేసినవాడిలా లేడు. "పెద్దోళ్ళు ముందల పెట్టినప్పుడు గిదేంది, గదేంది అని అడిగితే అదబ్ అనిపించుకోదు, మర్యాద గాదు అక్కా. మీ మీద భరోసా ఉన్నది, నొక్కిన. భరోసా తప్పా?"

నేను అరిచాను. ఏమేం అన్నానో రాస్తే బాగుండదు. అయితే అరిచాక ఒక్కదాన్నే కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది. నేను కట్టిన యంత్రంలో లోపం లేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళ మాటను పరీక్షించడమంటే వాళ్ళ మొహం మీద అనుమానపడటం. రెండో మనిషి ఒప్పుకోవాలని నియమం పెట్టగలను గానీ ఆ మనిషి చూసి ఒప్పుకోవాలని మున్షీకి ఎలా నేర్పను?

రంజాన్ దగ్గర పడింది. అమ్మాయి పండుగ అర్జీ తయారు చేసింది. అందులో రెండు పనులు. సర్వర్లు పెరగాలి, పాలు పోసేవాళ్ళకు పండుగ ఇండెంట్లు వెళ్ళాలి. సర్వర్లు ముందే పెంచి ఉంచుకోవచ్చు కదా అని మీరంటారు. పెంచుకోవచ్చు. కానీ రెండు పనులూ ఒకే అర్జీలో పెట్టాం, ఇండెంట్లు ముందుగా పోతే తెల్లారేసరికి కార్వాన్ నుంచీ ఊళ్ళ నుంచీ పాలు పొంగుకొస్తాయి. ఈద్ ఆ రోజు కాకపోతే అవి ఎవరు తాగాలి? పాలు నెలవంక కోసం ఆగవు. అందుకని అర్జీ సిద్ధంగా ఉంటుంది, మున్షీ జవాబు సిద్ధంగా ఉంటుంది, నెలవంక కనబడ్డాక ఒప్పుకోవడమొక్కటే మిగులుతుంది అనుకున్నాం. ఆ ఒప్పుకునే అధికారం భాయ్ ఒక్కడికే ఇచ్చాను.

"నన్నెందుకు ఇరికిస్తున్రు?" అన్నాడు.

"చాంద్ సంగతి మీకంటె మాకెర్కనా?" అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం. సేట్ పెళ్ళికని వేరే ఊళ్ళో ఉన్నాడు. భాయ్ ఆఫీసులోనే ఖర్జూరం తిని ఉపవాసం విడిచి, మాకు కూడా తలా ఒకటి ఇచ్చి, డాబా మీదికి వెళ్ళాడు. వెనకాలే మేమూ వెళ్ళాం. చుట్టుపక్కల డాబాలన్నిటి మీదా మనుషులే, అందరి మొహాలూ పడమటికే. అక్కడ పలచగా మబ్బు పట్టి ఉంది. ఎంతసేపు చూసినా ఏమీ కనబడలేదు. కిందికి వచ్చి కూర్చున్నామో లేదో భాయ్ ఫోను మోగింది. సేట్. భాయ్ స్పీకర్ పెట్టాడు.

"చాంద్ కనబడ్డదట! ఇంకేం చూస్తున్రు? నొక్కుండ్రి!"

"ఎవరు చూసిన్రు సేట్?"

"మా బావమరిదికి వాట్సాప్‌ల వచ్చింది."

"మీ బావమరిది చూసిండా?"

"ఆయనకు ఎవరో పంపిన్రు."

"ఆ పంపినాయన చూసిండా?"

"అరె, నాకేమెర్క భాయ్! వచ్చిందంటున్న గద! పోయినసారి గూడ మీరే ముంచిన్రు. అర్జీ గిర్జీ పక్కకు పెట్టు. నీ కుంజీ ఉన్నది గద, లోపటికి పొయ్యి చెయ్యి. నేను చెప్తున్న. నా జబాన్ సాలదా?"

నేను భాయ్ మొహం వైపు చూడలేకపోయాను. చేస్తాడనే అనుకున్నాను. సర్వీసంతా ఆ గొంతు చెప్పింది చేసిన మనిషి. ఆయన చేయదలచుకుంటే మున్షీ గానీ నేను గానీ ఆపలేం.

"సేట్," అన్నాడు భాయ్ నెమ్మదిగా. "మీరు చెప్పిన ఏ పనికి గూడ నేను రెండోసారి అడగలే. అవునా, కాదా? కని ఇది చాంద్. చాంద్‌కు గవాహి కావాలె. నేను జూసిన అని చెప్పేటోడు కావాలె. విన్నోడు గవా కాడు, వాడు ఎంత పెద్దోడైన గాని. నేను డాబా మీద నిలబడి చూసిన, కనబడలే. చాంద్ తేల్చే కమిటీ ఇంక ఎలాన్ చేయలే. నేను నొక్క."

"నిజంగ కనబడి ఉంటే? మల్ల పడిపోతే? అప్పుడు మీ ముగ్గురి కొలువులు ఉండయి, ఇప్పుడే చెప్తున్న!"

"మీ మర్జీ సేట్. దొంగ గవాహి ఇయ్య." ఫోను పెట్టేశాడు.

సంతోషపడటానికి తీరిక దొరకలేదు. సేట్ బావమరిదికి వచ్చిన మెసేజే ఊరందరికీ వచ్చినట్టుంది. "మేడమ్, లోడ్ ఎక్కుతున్నది," అంది అమ్మాయి. జనం యాప్ తెరుస్తున్నారు. నెలవంక నిజమో కాదో తెలియకుండానే సర్వర్ల మీద బరువు పెరుగుతోంది. ఇంకాసేపు ఇలాగే సాగితే నెలవంకతో పని లేకుండానే పడిపోతాం. నాకు భయమేసింది. నొక్కెయ్ భాయ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు తట్టింది. అర్జీలో రెండు పనులు ఉన్నాయి, వాటిలో నెలవంక కావలసింది ఒక్కటే. "అర్జీని రెండు చేద్దాం," అన్నాను. "ఒకదాంట్ల సర్వర్లు పెంచుడు ఒక్కటే. ఇండెంట్లు ఇంకోదాంట్ల."

"మున్షీ తాళం వేసుకున్నది మేడమ్. పాతది తీస్తె తప్ప కొత్తది రానియ్యదు. తీస్తె మల్ల మొదటి నుంచి."

"తియ్యి."

ఆమె పాత అర్జీ వెనక్కి తీసుకుని తాళం విడిపించింది. కొత్తది రాసింది. మున్షీ తనకేమీ తొందర లేనట్టు చదివి జవాబు రాసింది. నేను చూశాను, బాగానే ఉందనిపించింది. "భాయ్, నొక్కుండ్రి," అన్నాను.

భాయ్ నొక్కలేదు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. మున్షీ జవాబును మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. పక్కన బరువు చూపించే గీత పైకి పాకుతోంది. నాకు ఆయన వేలు పట్టుకుని ముందుకు లాగాలనిపించింది. వేలు ఒక చోట ఆగింది.

"గీ వరుస ఏంది?"

వంగి చూశాను. పండుగ ఇండెంటు పంపమనే వరుస ఒకటి అందులోనే ఉండిపోయింది. అమ్మాయి తొందరలో తీయడం మరిచింది, నేను తొందరలో చూడలేదు. అది పోయి ఉంటే ఆ రాత్రే పాలు పోసే ఇళ్ళన్నిటికీ ఇండెంటు వెళ్ళేది, అమ్మాయి వాళ్ళ బాపుకు కూడా. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం ఫికర్ లేదు బేటా. తీసెయ్, మల్ల చూస్త," అన్నాడు భాయ్.

తీసేసింది. మున్షీ మళ్ళీ జవాబు రాసింది. భాయ్ ఆగిన చోటు నుంచి కాదు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చివరి దాకా వచ్చాక అద్దాలు తీశాడు.

"ఇది నేను చూసిన. ఇందుల చాంద్ లేదు," అని ఒప్పుకున్నాడు.

మున్షీ పని చేసింది. కొత్త సర్వర్లు ఒక్కొక్కటే లేచి బరువు పంచుకున్నాయి. గీత వంగి, కిందికి దిగింది. కాసేపటికి కమిటీ ప్రకటన వచ్చింది. నెలవంక కనబడలేదు, రేపు కూడా ఉపవాసమే, ఈద్ ఎల్లుండి. కింద బజారులో జనం రంజాన్ రాత్రుల్లో చదివే తరావీ నమాజుకు కదిలారు. సేట్ మళ్ళీ ఫోను చేశాడు. ఇండెంట్లు పోయాయా అని ఒక్కటే అడిగాడు. పోలేదని చెప్పాను. సరే అమ్మా అని పెట్టేశాడు.

మరునాడు సాయంత్రానికి ముప్పై ఉపవాసాలూ నిండాయి, నెలవంక గురించి ఎవరికీ అనుమానం లేదు. ఇండెంట్ల అర్జీని భాయ్ అలాగే వేలు పెట్టి చదివి ఒప్పుకున్నాడు. ఊరంతా ఒక్కసారి మా మీద పడింది, మేము నిలబడ్డాం. ఈద్ పొద్దున పాలు ఇళ్ళకు చేరాయి. మధ్యాహ్నం భాయ్ ఇంట్లో మేమిద్దరం షీర్ ఖుర్మా తింటుంటే సేట్ పెళ్ళి నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. గిన్నె తుడిచినట్టు తిని, ఇంకొంచెం వెయ్యమన్నాడు. బయటి కంపెనీ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేను ఆ రెండు గదుల్లోంచే రిటైరయ్యాను.

పండుగ సెలవయ్యాక ఆఫీసుకు వెళ్ళేసరికి నా స్క్రీను మీద ఒక అర్జీ ఉంది. భాయ్ పెట్టింది. అంతవరకూ ఆయన ఇతరుల అర్జీలు ఒప్పుకోవడమే గానీ సొంతంగా ఒక్కటి కూడా రాయలేదు. ఒకే ఒక వరుస మార్పు. కింద మున్షీ జవాబు రాసింది. కొత్తగా వచ్చేవి లేవు, మారేవి లేవు, పోయేది ఒకటి.

ఆ పోయేది ఆయన కుంజీ.

ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. "భాయ్, ఆనాడు సేట్ అంతగనం చెప్పినా మీరు కాదన్నరు గద. కుంజీ మీ కాడ ఉంటే నాకిప్పుడు ఏ భయం లేదు. ఎందుకు తీసేస్తున్రు?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సేట్ కుంజీ అన్నప్పుడు నా చెయ్యి కీబోర్డు మీదికి పొయ్యింది అక్కా. మీరు చూడలే. నేను జూసిన."

ఆ సాయంత్రం భయంతో ఆయన మొహం వైపు చూడలేకపోయిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. తిరిగి నా కుర్చీకి వచ్చి కూర్చున్నాను. వెనక నుంచి ఆయన గొంతు వినబడింది.

"చదివిన్రా?"

కళ్ళు తుడుచుకుని, ఆ ఒక్క వరుసనూ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను.

"చదివిన భాయ్."

"ఇగ నొక్కుండ్రి."

నొక్కాను.